బీదర్‌లో రాత్రికి జాగా ఉచితమే.. ఎక్కడన్నది తెలిస్తే!

* కోటలో డేరా వేస్తే నేరం.. రోడ్డు పక్కన పడక ప్రాణాంతకం
* నానక్ ఝీరాలో తెరిచే ఉన్న తలుపు
* చుట్టాలకు చెప్పే ముందు ఇవి తెలుసుకోండి

బీదర్: శనివారం సాయంత్రమైతే చాలు.. బీదర్ వీధుల్లో హైదరాబాదు నంబరు ప్లేట్ల కార్లు కనిపిస్తాయి. జహీరాబాద్ దాటి ముప్పై కిలోమీటర్లు వస్తే బీదర్. పొద్దున బయలుదేరి కోట చూసి రాత్రికి ఇల్లు చేరే వాళ్లు కొందరు. ఒక రాత్రి ఇక్కడే గడిపి మర్నాడు నాందేడ్ వైపో, బసవకల్యాణ్ వైపో సాగిపోయే వాళ్లు మరికొందరు. ఇలాంటి వాళ్ల నుంచి బీదర్‌లోని తెలుగు ఇళ్లకు ముందుగా వచ్చే ఫోను ఒకటే. 'బావా, లాడ్జీ ఎందుకు గానీ.. కారులోనే పండుకుంటాం. డేరా కూడా ఉంది. ఎక్కడ వేసుకోవాలె?'

అడిగినంత తేలిక కాదు జవాబు చెప్పడం. ఖాళీగా కనిపించిన జాగా అంతా అందరిదీ కాదు. కోటకో చట్టం, అడవికో చట్టం, రోడ్డుకో చట్టం ఉన్నాయి. అయినా ఈ ఊళ్లో పైసా ఇవ్వకుండా, ఏ చట్టానికీ అడ్డం పోకుండా, భయం లేకుండా రాత్రి గడిపే చోటు ఉంది. అయిదు వందల ఏళ్ల కిందట ఒక బాటసారి దిగిన చోటే అది.

కోట గోడ నీడలో..

ఒక కుటుంబం అనుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక అత్తగారు. కారు డిక్కీలో మడిచిన డేరా, చిన్న గ్యాసు పొయ్యి, రెండు చాపలు. సాయంత్రం అయిదింటికి కోటకు చేరారు. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తాన్ అహ్మద్ షా వలీ గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాక కట్టించిన కోట ఇది. లోపల విశాలమైన పచ్చిక, చెట్లు, చల్లగాలి. 'ఇంతకంటే మంచి జాగా ఎక్కడ దొరుకుతుంది?' అని ఎవరికైనా అనిపిస్తుంది.

అక్కడ డేరా వేయడం కుదరదు. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, దాని కింద 1959లో వచ్చిన నిబంధనలు ఇక్కడ వర్తిస్తాయి. సందర్శనకు పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకే దాకానే సమయం అన్నది ఆ నిబంధనల్లోని సాధారణ సూత్రం. అనుమతించిన చోట తప్ప వంట చేయరాదు, భోజనం చేయరాదు. పార్కింగుకు కేటాయించిన చోటు దాటి బండి తీసుకుపోరాదు. గోడ మీద పేరు గీకినా, రాయి పెకలించినా సంగతి మరీ ముదురుతుంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మహమూద్ గవాన్ మదరసాకు, అష్టూరులోని బహమనీ సమాధులకూ ఇదే లెక్క. డేరా మేకు దిగేది నేలలోకే కదా అనుకోవద్దు. ఆ నేల కూడా కట్టడంలో భాగమే.

మదరసా గురించి ఒక మాట చెప్పుకోవాలి. 1472లో పూర్తయిన ఆ విద్యాలయంలో దూరదేశాల నుంచి వచ్చిన విద్యార్థులకు గదులు, భోజనం ఉచితంగా ఇచ్చేవారని చరిత్రకారులు రాశారు. పరాయి ఊరి మనిషికి తిండీ నీడా ఇవ్వడం బీదర్‌కు కొత్త కాదన్నమాట.

అడవి, చెరువు, విమానాల స్థావరం

కోట కాకపోతే అడవి. బీదర్ చుట్టుపక్కల కృష్ణజింకలు తిరుగుతాయి. హొన్నికేరి అడవి పేరు ఇక్కడి వారందరికీ తెలిసిందే. కానీ రిజర్వు అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా పోవడం, నిప్పు రాజేయడం 1963 నాటి కర్ణాటక అటవీ చట్టం ప్రకారం నేరం. ఎండాకాలంలో ఆరని ఒక్క నిప్పుకణం చాలు.. గడ్డి, పొదలు మొత్తం అంటుకోవడానికి.

కారంజా జలాశయం గట్టు చూడ్డానికి బాగుంటుంది. రాత్రి పడకకు పనికిరాదు. అది ప్రభుత్వ జాగా. పైగా చీకట్లో గట్టు అంచు కనిపించదు. నౌబాద్ వైపు బహమనీల కాలం నాటి కరేజ్ ఉంది. భూమి కింద సొరంగంలో నీళ్లు పారించిన ఆ ఏర్పాటుకు పైనుంచి నిలువుగా దిగే నూతులు ఉన్నాయి. పగలు వెళ్లి చూడదగ్గ వింత అది. రాత్రి పూట పిల్లలను దింపి ఆడుకోమనదగ్గ చోటు కాదు.

ఇక వైమానిక దళ శిక్షణ స్థావరం. సూర్యకిరణ్ విన్యాసాల బృందం విమానాలు ఈ ఊరి ఆకాశంలో తిరగడం బీదర్ వాసులకు అలవాటే. బయటి నుంచి వచ్చే వారికి మాత్రం ప్రహరీ పక్కన ఉన్న మైదానం ఉత్త మైదానంలాగే కనిపిస్తుంది. అక్కడ బండి ఆపి డేరా వేసినా, డ్రోను ఎగరేసినా ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. రక్షణ స్థావరాలు 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద నిషేధిత ప్రాంతాలు. అటు పోకపోవడమే మంచిది.

రోడ్డు పక్కన కునుకు

రాత్రి తొమ్మిది దాటింది. పిల్లలు నిద్రకు తూగుతున్నారు. 'హైవే పక్కన ఆపి కారులోనే పండుకుందాం' అంటాడు ఇంటాయన. అన్నిటికంటే ప్రమాదకరమైన ఆలోచన ఇదే. 'ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు' అన్న వార్త జిల్లా పేజీల్లో చదవని వారుండరు. ఆగి ఉన్నది కారైతే, వెనుక నుంచి వచ్చేది లారీ అయితే ఇంక చెప్పేదేముంది?

చట్టం కూడా ఒప్పుకోదు. ఇతరులకు ప్రమాదం కలిగేలా బండిని రోడ్డు మీద వదలరాదని 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. జాతీయ రహదారి జాగాను అనుమతి లేకుండా ఆక్రమించుకోవడాన్ని 2002 నాటి రహదారుల నియంత్రణ చట్టం నిషేధించింది. దారికి అడ్డం కలిగించినందుకు పాత శిక్షాస్మృతిలో 200 రూపాయల దాకానే జరిమానా ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ దాన్ని అయిదు వేల దాకా పెంచింది.

నిద్ర ఆగకపోతే లారీల కోసం రోడ్డుకు పక్కగా కట్టిన లే-బైలోకి, లేదంటే దీపాలున్న పెట్రోలు బంకులోకి బండి తిప్పాలి. తాగునీరు, టైర్లకు గాలి, మరుగుదొడ్డి బంకుల్లో ఉచితంగా ఇవ్వాలన్నది చమురు కంపెనీల నిబంధన. పడుకోవడానికి మాత్రం బంకు వాళ్లను అడగాల్సిందే. ఓ మూలకు పెట్టుకోమంటే సరే. వద్దంటే ముందుకు సాగిపోవాలి.

ఇంకో ప్రమాదం కారు లోపలే ఉంది. అద్దాలన్నీ బిగించి, ఇంజను నడుస్తుండగా ఏసీ వేసుకుని నిద్రపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరవచ్చు. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంజను ఆపి, రెండు వైపులా అద్దాలు కొంచెం దించి పడుకోవాలి. డేరాలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నా ఇదే ముప్పు. రెండు వేల అడుగులకు పైన ఉన్న ఊరు ఇది. డిసెంబరు, జనవరి చలికి కుంపటి మీదికి మనసు పోతుంది. పోనివ్వకండి.

విదేశాల్లో వేరు.. మన దగ్గర వేరు

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో 'ఇక్కడ అడవిలో ఎక్కడైనా ఉచితంగా డేరా వేసుకోవచ్చు' అని చెప్పడం వినే ఉంటారు. అది సగం నిజం. అక్కడ ఫెడరల్ ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల 28 రోజుల వ్యవధిలో 14 రోజుల దాకా రుసుము లేకుండా ఉండనిస్తారు. ఆ తర్వాత కదలాల్సిందే. స్కాట్లాండులో 2003 నాటి భూసంస్కరణ చట్టం కాలినడకన పోయేవారికి పరాయి భూమిలోనూ డేరా వేసుకునే హక్కు ఇచ్చింది. కారు తీసుకుని పొలంలోకి పోయే హక్కు మాత్రం ఇవ్వలేదు. స్వీడన్‌లోనూ దాదాపు అంతే.

మన దేశంలో అలాంటి హక్కు చట్టంలో లేదు. దానికి బదులుగా ఆచారం ఉంది. సత్రం, చావిడి, ధర్మశాల, ముసాఫిర్‌ఖానా.. పేరేదైనా పని ఒకటే. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి బయలుదేరి హైదరాబాదు మీదుగా కాశీకి పోయి 1831లో తిరిగొచ్చారు. దారి పొడుగునా ఏ ఊళ్లో దిగడానికి వసతి ఉంది, నీళ్లెక్కడ, సరకులు దొరికే దుకాణాలెక్కడ అని రాసుకుంటూ పోయారు. వెనక వచ్చే బాటసారికి పనికొస్తుందనే ఆ రాత. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు కూడా అన్నం వండి పెట్టి పేరు తెచ్చుకున్నారు. ఇవన్నీ హక్కులు కావు. ఒకరు పెట్టడం, ఒకరు మర్యాదగా పుచ్చుకోవడం.. ఈ రెండూ ఉన్నంత కాలం నడిచిన ఏర్పాట్లు. బీదర్‌లో అది నేటికీ నడుస్తోంది.

బాటసారి దిగిన చోటు

మన కుటుంబం చివరికి చేరేది నానక్ ఝీరా సాహెబ్ గురుద్వారాకు. గురు నానక్ 16వ శతాబ్దం తొలి ఏళ్లలో, 1510-1514 మధ్య సాగిన దక్షిణ యాత్రలో బీదర్ వచ్చారని సిక్కుల సంప్రదాయం చెబుతుంది. ఆయన ఊరి లోపల దిగలేదు. ఊరి బయట ముస్లిం ఫకీర్ల గుడిసెలున్న చోట ఆగారు. అప్పట్లో అక్కడ నీళ్లన్నీ ఉప్పన. జనం తాగునీటికి అల్లాడుతున్నారని తెలిసి గురువు కాలి వేలితో రాయిని జరిపితే తీపి నీటి ఊట పుట్టిందని చెప్పుకుంటారు. ఝీరా అంటే ఊట. ఆ ఊట నీళ్లనే నేటికీ భక్తులు తీర్థంగా తీసుకుపోతారు.

1699లో గురు గోవింద్ సింగ్ ఖాల్సా పంథ్ స్థాపించినప్పుడు తల ఇవ్వడానికి ముందుకొచ్చిన అయిదుగురిలో ఒకరైన భాయి సాహెబ్ సింగ్‌ది ఈ బీదరే. పది, పదకొండు కిలోమీటర్ల దూరంలో జన్వాడాలో మాయి భాగో పేర గురుద్వారా ఉంది. నాందేడ్ హుజూర్ సాహెబ్‌కు వచ్చే సిక్కు యాత్రికుల్లో చాలామంది బీదర్ దాకా వస్తారు. హైదరాబాదు సిక్కులకైతే ఇది ఇంటి పక్క గుడి లాంటిది.

ఇక్కడి లంగరులో రాత్రీ పగలూ భోజనం దొరుకుతుంది. కులం అడగరు, మతం అడగరు. యాత్రికులు ఉండటానికి సరాయి గదులు ఉన్నాయి. సిక్కులు కానివారూ రావచ్చు. ముందుగా కార్యాలయానికి పోయి, గుర్తింపు కార్డు చూపి, ఎంతమంది ఉన్నారో, ఎన్ని రాత్రులో చెప్పాలి. 'భాయ్‌సాబ్, రాత్రికి ఉండొచ్చా? గది లేకపోతే బండిలోనే పడుకుంటాం, ఎక్కడ పెట్టుకోమంటారు?' అని దక్కనీలో అడిగినా చాలు. వాళ్లు చూపిన చోటే చోటు. అడగకుండా ఆవరణలో డేరా విప్పడం మర్యాద కాదు.

గురు నానక్ జయంతి, హోలీ రోజుల్లో గదులు దొరకడం కష్టం. అప్పుడు దూరం నుంచి వచ్చిన భక్తులకు జాగా వదలడమే న్యాయం.

ఉచితానికీ ఓ పద్ధతి

లంగరులో పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. చెప్పులు బయట విడవాలి, కాళ్లు కడుక్కోవాలి, ఆడా మగా అందరూ తల మీద గుడ్డ కప్పుకోవాలి. బీడీ, సిగరెట్, గుట్కా, మద్యం.. ఆవరణలోకే కాదు, జేబులో కూడా తేకూడదు. పంగత్‌లో కింద కూర్చోవాలి. కలెక్టరైనా కూలీ అయినా ఒకే వరుస. రొట్టెను రెండు చేతులూ చాచి అందుకోవాలి. తినగలిగినంతే పెట్టించుకోవాలి. పారేస్తే తప్పు.

డబ్బు ఎవరూ అడగరు. హుండీలో వేయాలనిపిస్తే వేయొచ్చు, లేకపోతే లేదు. చేతనైన సేవ చేసిపోవడం మాత్రం ఆచారం. గిన్నెలు తోమడం, కూరగాయలు తరగడం, నేల ఊడవడం.. ఏదైనా సరే. మన కుటుంబంలో అత్తగారు కొత్తిమీర ఒలవడానికి కూర్చున్నా అది సేవే.

ఇక్కడే అసలు ముచ్చట. గురుద్వారాను 'ఫ్రీ లాడ్జీ'గా చూసే వాళ్లూ ఉన్నారు. రాత్రి పన్నెండింటి దాకా బయట తిరిగి వచ్చి తలుపు కొట్టడం, గదిలో చెత్త వదిలి పోవడం, ఇచ్చిన దుప్పటి మడవకుండా విసిరేయడం.. ఇవన్నీ ఉచితంగా పెట్టే చేతిని వెనక్కి లాగే పనులు. ఒక్కరు చేస్తే మరుసటి వారం వచ్చిన పదిమందికి 'గదులు లేవు' అన్న జవాబు దొరకవచ్చు. దేశంలో చాలా సత్రాలు అద్దె గదులుగా మారింది డబ్బు లేకనే కాదు, ఇలాంటి అతిథులతో విసిగి కూడా.

దారిలో మరిన్ని చోట్లు

జాతీయ రహదారి 65 మీద పోయే వారికి హుమనాబాద్ పక్కనే మాణిక్‌నగర్ ఉంది. దత్త సంప్రదాయానికి చెందిన మాణిక్ ప్రభు (1817-1865) సంస్థానం అది. 'సకలమత' సంప్రదాయం పేరుతో అన్ని మతాల వారినీ ఆదరించిన చోటు. అన్నదానం అక్కడ తరాలుగా సాగుతోంది. మార్గశిరంలో దత్త జయంతి ఉత్సవాలప్పుడు మాత్రం జనం కిటకిటలాడతారు. బసవకల్యాణ్ వైపు పోతే బసవణ్ణ నేర్పిన 'దాసోహం' మాట వినిపిస్తుంది. కష్టపడి సంపాదించిన దాంట్లో నలుగురికీ పెట్టడమే దాసోహం. శరణుల మఠాల్లో భోజనం పెట్టడం వెనక ఉన్నది ఆ మాటే. ఎక్కడైనా రాత్రి బస అడిగి తెలుసుకోవాల్సిందే.

పొలంలో పడుకోవాలన్న సరదా ఉన్న వారికీ దారి ఉంది. రైతు ఒప్పుకుంటే ఆయన పొలంలో డేరా వేయడం తప్పు కాదు. అడగకుండా దిగితే, పొమ్మన్నా కదలకపోతే అక్రమ ప్రవేశం కేసు దాకా పోవచ్చు. కంది, సోయా, పెసర పంట నిలబడి ఉన్నప్పుడు ఎవరూ ఒప్పుకోరు. కోతలయ్యాక, కళ్లం ఖాళీ అయ్యాక అడగాలి. 'అణ్ణా' అని కన్నడంలో పిలిచినా, 'అన్నా' అని తెలుగులో పిలిచినా ఈ సరిహద్దు ఊళ్లలో పలుకుతారు. జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు 1956 దాకా బీదర్ జిల్లాలోవే కదా! గీత గీసినా బంధుత్వాలు, భాషలు అటూ ఇటూ అలాగే ఉన్నాయి. జాతరకు పోతే బండి కిందే పడక వేసుకోవడం ఈ సీమలో తాతల నాటి అలవాటు. ఎడ్లబండి పోయి కారు వచ్చింది, అంతే.

చుట్టాలకు చెప్పండి..

* చీకటి పడకముందే బస చూసుకోవాలి. రాత్రి పదకొండింటికి వెతికితే రోడ్డు పక్కే మిగులుతుంది.
* డ్రైవింగ్ లైసెన్సు, ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం, అందరి గుర్తింపు కార్డులు వెంట ఉండాలి. పసుపు ప్లేటు బండి అయితే రాష్ట్రం దాటే పర్మిటు చూసుకోవాలి.
* ఎక్కడ పడుకున్నా ఇంట్లో ఒకరికి చోటు పేరు చెప్పాలి. ఊరి బయట అయితే దగ్గరి పోలీసు స్టేషనుకు ఒక మాట చెప్పడం మేలు.
* ఆపదకు 112, జాతీయ రహదారి మీద సాయానికి 1033.
* పొయ్యి వెలిగిస్తే పక్కన బకెట్టు నీళ్లు ఉండాలి. పొద్దున బయలుదేరేటప్పుడు చెత్త సంచి బండిలోకే ఎక్కాలి.

ఆదివారం పొద్దున్నే మన కుటుంబం లేస్తుంది. ఊట దగ్గర నీళ్లు తాగి, లంగరులో చాయ్ తాగి, తిన్న పళ్లాలు పిల్లల చేత కడిగించి బయలుదేరుతుంది. డిక్కీలో డేరా మడత విప్పనే లేదు. ఫోను చేసి అడిగిన బావకు మళ్లీ ఫోను చేస్తారు.. 'మంచి జాగా చెప్పినవ్ బావా' అని. వచ్చే శనివారం ఇంకెవరో అడుగుతారు. వాళ్లకూ ఇదే జాగా చెప్పొచ్చు, గది ఊడ్చి రమ్మని మరో మాట కలిపి.